సర్టిఫికెట్ రాలేదని కారు ఆపారా? చాసిస్ నంబర్ చూపించేదాకా డబ్బు కట్టకండి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇదే అవస్థలో ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. మీ ఇల్లు మధురవాడలో. జనవరిలో ఒక డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీకి 50 వేలు కట్టి బుక్ చేశారు, ఆరు వారాల్లో ఇస్తామన్నారు. ఇప్పుడు మే వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎమిషన్ సర్టిఫికెట్ రాలేదు సార్, ఫ్యాక్టరీ నుంచి బళ్ళు వదలడం లేదు" అంటున్నారు. అదే మోడల్ మాన్యువల్ బండి మీ ఆఫీసులో ఒకాయనకి వారం కిందటే వచ్చింది. పైగా మిగతా డబ్బు ఇప్పుడే కట్టేస్తే మీ పేరు లిస్టులో పైకి జరుపుతామంటున్నారు. ఆషాఢం రాకముందే బండి గుమ్మంలోకి రావాలని మీ అమ్మగారి పట్టుదల. షోరూమ్ వాళ్ళు చెప్పేది నిజమా, డబ్బు కట్టాలా, ఆగాలా, మానుకోవాలా అన్నది మీ ప్రశ్న.

డబ్బు కట్టకండి. మీ పేరు మీద చాసిస్ నంబర్ (ఒక్కో బండికి ఒక్కటే ఉండే గుర్తింపు నంబర్) అలాట్ అయి, దాన్ని కాగితం మీద మీకు చూపించేదాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. వాళ్ళు చెప్పే కారణం నిజమైనా అబద్ధమైనా ఈ మాట మారదు. నేను విశాఖలో కార్ల డీలర్‌షిప్‌లలో 22 ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం స్టాక్ యార్డు, రిజిస్ట్రేషన్ పనులే చూశాను, కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

ఇక ఆ ఎమిషన్ సర్టిఫికెట్, అంటే పొగ పరీక్ష కాగితం సంగతి. అది మీ ఒక్క కారుకి వచ్చేది కాదు, మోడల్‌కి వచ్చేది. టైప్ అప్రూవల్ అంటారు, కంపెనీల వాళ్ళు హోమోలోగేషన్ అంటారు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్సీ లాంటి కేంద్రాలున్నాయి, అక్కడ నమూనా బండిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. అది లేకుండా ఆ మోడల్ అమ్మడానికి వీల్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు దీన్ని 110బి సెక్షన్‌గా చట్టంలోనే పెట్టారు, తప్పితే డీలర్‌కి బండికి లక్ష రూపాయల దాకా, తయారీ కంపెనీకి 100 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. అందుకే సర్టిఫికెట్ చేతికి రాకుండా బండి బయటికి వదిలే ధైర్యం ఏ కంపెనీ చేయదు.

ఈ పరీక్ష ఎందుకు లేటవుతుందో అర్థం కావాలంటే అక్కడ ఏం చేస్తారో కొంచెం తెలియాలి. ల్యాబ్‌లో బండిని ముందు ఉష్ణోగ్రత అదుపులో ఉండే గదిలో కనీసం 6 గంటలు కదలకుండా ఉంచుతారు, ఇంజిన్ లోపలి ఆయిల్‌తో సహా అంతా గది వేడికి వచ్చేయాలి. తర్వాత రోలర్ల మీద నిలబెట్టి, స్క్రీన్ మీద కనిపించే గీత ప్రకారం డ్రైవర్ వేగం పెంచుతూ తగ్గిస్తూ నడుపుతాడు. ఇలా నడిపే క్రమాన్ని డ్రైవ్ సైకిల్ అంటారు, మన దేశపుదైతే 20 నిమిషాలకు కాస్త తక్కువ, గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగని గాలితో కలిపి సంచుల్లోకి పట్టి అందులో ఏముందో కొలుస్తారు. ఇక్కడ ఏ ఒక్కటి పరిమితి దాటినా ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్చుకుని మళ్ళీ మొదటి నుంచి రావాలి, మళ్ళీ స్లాట్, మళ్ళీ ఆరు గంటలు.

అది ఒకప్పటి కథ. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి మన దేశం పెట్టిన పరిమితులు) రెండో దశ వచ్చాక ల్యాబ్ ఒక్కటే సరిపోదు, రోడ్డు మీద కూడా కొలవాలి. ఆర్డీఈ అంటారు. కారు వెనక ఒక పెట్టె బిగించి, సైలెన్సర్‌కి గొట్టం పెట్టి, ఊళ్ళో ట్రాఫిక్‌లో, ఊరి బయట, హైవే మీద కలిపి గంటన్నర నుంచి రెండు గంటల దాకా నడుపుతారు. ల్యాబ్‌లో తేలిగ్గా పాసయ్యే బండి ఘాట్ ఎక్కేటప్పుడు, ఏసీ ఫుల్‌గా పెట్టినప్పుడు ఎంత వదులుతుందో ఇక్కడ బయటపడుతుంది. అసలు కష్టం డీజిల్‌కే. బీఎస్4లో డీజిల్ కారుకి నైట్రోజన్ ఆక్సైడ్లు కిలోమీటరుకి 250 మిల్లీగ్రాముల దాకా ఉండనిచ్చారు, బీఎస్6లో అది 80కి దించారు. మసి రేణువులు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి. ఈ తగ్గింపు చిన్నది కాదు. మన విశాఖలో పోర్టు, ఫ్యాక్టరీల పక్కన మల్కాపురం, సింధియా వైపు ఉన్నవాళ్ళకి కిటికీ గట్టు మీద పొద్దున్నే వేలితో గీస్తే నల్లగా అంటుకునేది ఏమిటో తెలుసు. అది కార్ల పొగ ఒక్కటే కాదు, నిజమే, కానీ మన పిల్లలు పీల్చే గాలిలో ఇదీ కలుస్తుంది. కాబట్టి ఈ పరీక్ష మీద నాకు కోపం లేదు, కస్టమర్‌కి సరిగ్గా చెప్పకపోవడం మీదే నా కోపమంతా.

మాన్యువల్ వాళ్ళకి ఇచ్చారు, మీకెందుకు ఇవ్వలేదన్నారు కదా. ఇందులో మోసం ఉండాలనేం లేదు. ఒకే మోడల్ అయినా గేర్‌బాక్స్ మారితే ఇంజిన్ తిరిగే తీరు మారుతుంది, బరువు మారుతుంది, పొగ లెక్కా మారుతుంది. కొన్నిసార్లు టైరు సైజు మారినా, సన్‌రూఫ్ పెట్టి బరువు పెరిగినా సర్టిఫికెట్‌లో దాన్ని చేర్పించుకోవాలి. అందుకని మాన్యువల్‌కి వచ్చి ఆటోమేటిక్‌కి రాకపోవడం మామూలు విషయమే.

పెద్ద పెద్ద కంపెనీలకే ఇది తప్పలేదు. యూరప్‌లో 2018 సెప్టెంబర్ 1 నుంచి అమ్మే ప్రతి కొత్త కారూ డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్షలో పాసవ్వాలన్నారు. ఆ పద్ధతిలో కారుకి పెట్టే ఒక్కో ఆప్షన్ బరువు, గాలి తగిలే తీరు, టైరు రాపిడి అన్నీ లెక్కలోకి వస్తాయి. వేరియంట్లు వందల్లో ఉండేసరికి పరీక్షలు చేయించడం ఫోక్స్‌వ్యాగన్ వల్ల కాలేదు, తయారైన కార్లు పెట్టుకోవడానికి చోటు చాలక అప్పటికి ఇంకా తెరవని బెర్లిన్ కొత్త విమానాశ్రయంలో పార్కింగ్ స్థలం అద్దెకు తీసుకున్నారు. బండ్లు రెడీగా ఉన్నాయి, కొనేవాళ్ళూ ఉన్నారు, కాగితం లేదు.

మన దగ్గర 2024 జనవరి చివర్లో టొయోటా ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ డిస్పాచ్ కొన్నాళ్ళు ఆపింది. జపాన్‌లో వాళ్ళ గ్రూపు కంపెనీ కొన్ని డీజిల్ ఇంజిన్లకి సర్టిఫికేషన్ కోసం హార్స్‌పవర్ కొలిచేటప్పుడు, అమ్మే బండ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది వాడిందని విచారణలో తేలింది. అది పొగ పరీక్ష కాదు, పవర్ పరీక్ష, ఇది గుర్తుంచుకోండి, చాలామంది రెండూ కలిపేసి మాట్లాడుతున్నారు. ఫిబ్రవరిలో మళ్ళీ డిస్పాచ్ మొదలైంది. ఇది నేను చెప్పడానికి కారణం ఒకటే. నిజంగా కంపెనీ ఆపితే అది దేశమంతా ఆగుతుంది, కంపెనీ బయటికి చెప్తుంది, విజయవాడలో ఇస్తూ విశాఖలో ఆపడం అనేది ఉండదు.

మీరు నిజం తేల్చుకోవాల్సింది కూడా ఇక్కడే. "సర్టిఫికెట్ రాలేదు" అనే ఒక్క ముక్క వెనక మూడు వేరువేరు సంగతులు దాగి ఉంటాయి. టైప్ అప్రూవలే రాకపోతే ఆ వేరియంట్, అదే ఇంధనం, అదే గేర్‌బాక్స్, దేశంలో ఎక్కడా ఎవరికీ డెలివరీ కాదు. రాజమండ్రిలోనో విజయవాడలోనో వేరే షోరూమ్‌కి ఫోన్ చేసి ఫలానా డీజిల్ ఆటోమేటిక్ ఎప్పుడు ఇస్తారని కొనేవాడిలా అడగండి, పది రోజుల్లో అన్నారంటే మీకు చెప్తున్న కారణం అబద్ధం. రెండోది, అప్రూవల్ వచ్చింది కానీ కంపెనీ ఆ వివరాలు, చాసిస్ నంబర్లు వాహన్ పోర్టల్‌లో, అంటే బళ్ళ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్‌లో ఎక్కించలేదు, అందుకని డీలర్ రిజిస్ట్రేషన్‌కి పెట్టలేకపోతున్నాడు. ఇది రోజుల్లో తేలే పని, మహా అయితే ఒకటి రెండు వారాలు. మూడోది, బండి వచ్చింది, వేరేవాళ్ళకి పోయింది. యాక్సెసరీలు లక్ష రూపాయలవి తీసుకున్నవాళ్ళకి, ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే చేయించుకున్నవాళ్ళకి, నగదు కట్టినవాళ్ళకి ముందు ఇవ్వడం నేను కళ్ళారా చూశాను. మీతో మిగతా డబ్బు కడితే పైకి జరుపుతామన్నారంటే నాకు ఈ మూడోదాని మీదే అనుమానం. నిజంగా సర్టిఫికెట్టే అడ్డమైతే మీరు డబ్బు కట్టినా కట్టకపోయినా బండి కదలదు కదా, మరి పైకి జరిపేది ఏమిటి?

కాబట్టి ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో అడగండి. నా వేరియంట్‌కి టైప్ అప్రూవల్ వచ్చిందా, నాకు చాసిస్ నంబర్ అలాట్ అయ్యిందా, అలాట్ అయితే బండి ఇప్పుడు ఫ్యాక్టరీలో ఉందా, దారిలో ఉందా, మీ యార్డులో ఉందా. సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కి కాదు, సేల్స్ మేనేజర్‌కి రాయండి, కంపెనీ కస్టమర్ కేర్‌కి కాపీ పెట్టండి. ఆ కుర్రాడి మీద అరవకండి, అతనికి పైవాళ్ళు ఏం చెప్పమంటే అదే చెప్తాడు, అతని జీతంలో సగం ఇన్సెంటివే.

ఇంకో పక్క, ఎలాగోలా బండి ఇచ్చేయండి, నంబర్ తర్వాత చూసుకుందాం అని మాత్రం ఒత్తిడి పెట్టకండి. ఇది నేను బతిమాలి చెప్తున్నాను. 2020 మార్చిలో ఏమైందో చూడండి. మార్చి 31 తర్వాత బీఎస్4 బండ్లు అమ్మకూడదు, రిజిస్టర్ చేయకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లోనే చెప్పేసింది. అయినా చివరి నెలలో డిస్కౌంట్లు పెట్టి అమ్మారు, జనం కొన్నారు. అప్పట్లో నేను పనిచేస్తున్న చోట స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన, గాజువాక ఆయన, వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక చిన్న కారు కొన్నారు. ముహూర్తం దాటిపోతుందని మావాళ్ళు టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద బండి ఇచ్చేశారు. పర్మనెంట్ రిజిస్ట్రేషన్ వివరాలు రేపు ఎక్కిద్దాంలే అని పక్కన పెట్టారు. ఆ రేపు జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్.

ఆ తర్వాత కోర్టులో ఎన్ని మలుపులు తిరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్ అయ్యాక పది రోజులు కొంత స్టాకు అమ్ముకోవచ్చని మార్చి 27న అన్నారు, జూలైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు, చివరికి ఆగస్టు 13న, గడువులోపు అమ్మి వాహన్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించిన బండ్లకి మాత్రం రిజిస్ట్రేషన్ ఒప్పుకున్నారు. పెద్దాయన బండి వివరాలు పోర్టల్‌లో ఎక్కలేదు. నేను మాట్లాడడానికి వాళ్ళింటికి వెళ్ళేసరికి కారు అపార్ట్‌మెంట్ కింద కవరేసి ఉంది. కవరు తీస్తే బానెట్ మీద పూజనాటి పసుపు కుంకుమ బొట్లు ఎండిపోయి పొడిలా రాలుతున్నాయి, ముందు టైరు కింద నలిగిన నిమ్మకాయ తొక్క నల్లగా అతుక్కుని ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, "బాబూ, ఇది ఇక రోడ్డెక్కదా?" అని మాత్రం అడిగారు. డబ్బు వెనక్కి వచ్చేసరికి ఆ సంవత్సరం గడిచిపోయింది. నంబర్ లేని బండి ఎవరికి అప్పజెబుతున్నారన్నా నాకు ఆయనే గుర్తొస్తారు. అందుకే నాలుగు నెలలు లేటైన కారు కంటే, కాగితం లేకుండా ముందొచ్చిన కారు వల్ల వచ్చే నష్టమే పెద్దది.

లోన్ విషయం. శాంక్షన్ చేయించి పెట్టుకోండి కానీ డిస్బర్స్ చేయించకండి. బ్యాంకు డబ్బు షోరూమ్ ఖాతాలో పడిన రోజు నుంచి మీకు వడ్డీ మొదలవుతుంది, బండి లేకపోయినా ఈఎంఐ కట్టాలి. శాంక్షన్ లెటర్ గడువు చూసుకుని, దాటేలా ఉంటే ముందే బ్రాంచికి చెప్పి పొడిగించుకోండి. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఇప్పుడే కట్టమంటే నవ్వి ఊరుకోండి, చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ లేకుండా పాలసీ ఎలా చేస్తారు? ధర సంగతికొస్తే, బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని ఉంటుంది, దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఈ నాలుగు నెలల్లో రేటు పెరిగి ఉంటే, ఆలస్యం మీది కాదు కాబట్టి పాత రేటుకి ఇవ్వమని ఇప్పుడే ఈమెయిల్‌లో రాయండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను, కానీ అడిగి పెట్టుకున్నవాళ్ళకి యాక్సెసరీల రూపంలోనైనా ఎంతో కొంత తగ్గించడం చూశాను, డెలివరీ రోజు అడిగినవాళ్ళకి ఏమీ రాదు.

బండి వచ్చాక చూడాల్సింది ఒకటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. సర్టిఫికెట్ కోసం ఆగిన బండి అంటే అది ఎక్కడో యార్డులో ఎండకీ వానకీ నిలబడి ఉన్న బండి అని అర్థం. సేల్ సర్టిఫికెట్‌లో, అంటే ఫారం 21లో, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. డిసెంబర్ బండి మే నెలలో ఇస్తే మళ్ళీ అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగానే లెక్కేస్తారు. కాబట్టి డబ్బు కట్టకముందే ఆ నెల అడగండి, వెనకటి సంవత్సరానిదైతే డిస్కౌంట్ అడగడం మీ హక్కు. ఫారం 22లో భారత్ స్టేజ్ ఏదో రాసి ఉంటుంది, అదీ చదవండి.

పీడీఐకి, అంటే డెలివరీకి ముందు బండిని చూసుకునే తనిఖీకి, పగటి పూట వెళ్ళండి, సాయంత్రం లైట్ల వెలుగులో ఏదీ కనపడదు. మన ఊళ్ళో సముద్రపు గాలికి ఉప్పు ఉంటుంది, యార్డు ఎక్కడున్నా అది వదలదు. చక్రం సందులోంచి బ్రేక్ డిస్క్ చూడండి, పల్చగా ఇటుక రంగు తుప్పు పడితే భయం లేదు, నాలుగు బ్రేకులు కొడితే పోతుంది, కానీ వేలు పెడితే గుంటలు తగిలితే డిస్క్ మార్చమనండి. బానెట్ ఎత్తి బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టించండి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులు, ఆపైన ఉంటే మంచిది, 12 కన్నా తక్కువుంటే అది చాలాసార్లు చచ్చి బతికిన బ్యాటరీ, కొత్తది అడగండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీయించండి. ఒకసారి మా యార్డులో మూడు నెలలు నిలబడిన బండిలో అది తీస్తే ఎలుక గూడు కనబడింది, సీటు స్పాంజి ముక్కలు, నమిలిన వైరు తొక్కలు, బయటికి మాత్రం కారు తళతళలాడుతోంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, స్టెప్నీతో కలిపి ఐదు టైర్లవీ ఒకేలా ఉన్నాయా చూడండి. అలా ఆగిన బళ్ళకు ఒక్కోసారి చివర్లో ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మారుస్తారు, అప్‌డేట్ చేశారా అని అడిగి జాబ్ కార్డు మీద రాయించుకోండి.

మానుకోవాలా అంటే, పదిహేను రోజులు ఇవ్వండి. ఈమెయిల్‌కి చాసిస్ నంబర్‌తో జవాబొస్తే ఆగండి. టైప్ అప్రూవల్ ఇంకా రాలేదని కంపెనీ నుంచే రాతపూర్వకంగా వచ్చి, ఒక తేదీ చెప్తే, మీకు వేరే బండి నచ్చకపోతే ఆగొచ్చు. ఎవరూ ఏమీ రాయకుండా మాటలే చెప్తుంటే రద్దు చేసుకుని మీ 50 వేలు అడగండి. ఆలస్యం వాళ్ళది, కాబట్టి క్యాన్సిలేషన్ చార్జీ కోత ఒప్పుకోకండి. ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల దాకా కొనుగోళ్ళ కేసులు అక్కడే తీసుకుంటారు. అందుకే ఈమెయిల్ అన్నాను, అక్కడ ఫోన్ మాటలు పనికిరావు.

అమ్మగారి విషయానికొస్తే, ఆషాఢానికి ఇంకా టైముంది, ఒకవేళ దాటినా శ్రావణం ఎటూ వస్తుంది. ఆవిడకి బాధ కలగకుండా చెప్పండి. సంపత్ వినాయకుడి గుడి దగ్గరికైనా, సింహాచలం తొలిపావంచా దగ్గరికైనా నంబర్ పడిన బండితోనే వెళ్దామనండి. చాసిస్ నంబర్ వచ్చిన రోజు అందులోని చివరి అంకెలు చెరిపేసి, తయారైన నెల ఏమని చెప్పారో, ఏ యార్డులో ఉందన్నారో ఇక్కడే రాయండి, పీడీఐకి వెళ్ళే ముందు ఇంకేం చూడాలో చెప్తాను.